లవకుశ చూసి ఏడిస్తే నవ్వులాటా?

శ్రీరామనవమినాడు మన ఇళ్ళల్లో ఓ తమాషా జరుగుతుంది, గమనించారా? పొద్దున్న టీవీలో భద్రాచలం కల్యాణం. ముత్యాల తలంబ్రాలు, జీలకర్ర బెల్లం, సీతమ్మ మెళ్ళో సూత్రాలు... వడపప్పు తిని, పానకం తాగి, కళ్ళారా చూసి మురిసిపోతాం. భోజనాలయ్యాక ఏదో ఒక చానెల్లో 'లవకుశ' వస్తుంది. పొద్దున్న పెళ్ళయిన పిల్లని సాయంత్రానికల్లా అడవిలో దింపేసి వస్తారు! అదీ నిండు చూలాలిని!

ఆమధ్య ఓ నవమికి మూలపేటలో మా పిన్ని ఇంట్లో ఉన్నాను. శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలో సముద్రం ఒడ్డునున్న ఊరది. టీవీ ముందు పదిహేనుమంది ఆడవాళ్ళం చేరాం. రథం దిగిన వదినగారికి నిజం చెప్పలేక లక్ష్మణుడు తల వంచుకున్నాడు. అందరి చేతులూ పమిటచెంగుల మీదికి పోయాయి. వీధరుగు మీంచి మా చిన్నాన్న, "ఇంకా ఏడవండర్రా! ఈ ఏడు నౌపడ ఉప్పుమడులకి సముద్రపు నీళ్ళక్కర్లేదు" అన్నాడు. ఊళ్ళో మిగిలిన నలుగురు మగవాళ్ళూ పకపకా నవ్వారు.

నాకు ఒళ్ళు మండింది. ఆ మంటే ఈ నాలుగు ముక్కలూ రాయిస్తోంది.

ఆ సినిమా వచ్చింది 1963లో. తెలుగులో పూర్తిగా రంగుల్లో తీసిన మొదటి సినిమా. అంతకుముందు 1934లోనూ ఓ 'లవకుశ' వచ్చింది. దానికీ దర్శకుడు సి.పుల్లయ్యగారే. రంగుల లవకుశని కూడా ఆయనే మొదలుపెడితే కొడుకు సి.ఎస్.రావుగారు పూర్తిచేశారు. అంటే మా అమ్మమ్మ తరం ఏడ్చింది, అమ్మ తరం ఏడ్చింది, ఇప్పుడు మా వంతు. రంగులు వెలిసిపోయినా, మధ్యలో సబ్బుల ప్రకటనలు వచ్చిపడినా ఆ ఏడుపు మాత్రం ఆగలేదు. ఎందుకని?

భక్తి అంటారు పెద్దవాళ్ళు. భక్తే అయితే పట్టాభిషేకంతో కడుపు నిండాలి కదా! 1987 జనవరిలో దూరదర్శన్‌లో మొదలైన రామాయణం సీరియల్ 1988 జులైలో పట్టాభిషేకంతో ముగిసింది. జనం ఒప్పుకున్నారా? వాల్మీకిని తమ మూలపురుషుడిగా కొలిచే పారిశుధ్య కార్మికులు, మిగతా కథా చూపించి తీరాలని పంజాబులో సమ్మెకట్టారు. చివరికి ఉత్తర రామాయణమూ తియ్యాల్సొచ్చింది. సింహాసనం మీద సీతారాముల్ని చూసి దణ్ణం పెట్టుకున్నవాళ్ళే, "ఆ తరవాత ఆవిడ ఏమైంది?" అని అడిగారన్నమాట.

లెక్చరరు పని చేసే నా స్నేహితురాలిది ఇంకో వాదం. "ఆ సినిమా ఆడదానికి ఓర్పు నూరిపోస్తుందే! అది చూసి ఏడవడమంటే మన సంకెళ్ళకి మనమే పసుపు రాసుకోవడం" అంటుంది. ఆమె మాటలో నిజం లేకపోలేదు. అంజలీదేవి ముఖంలో కష్టం ఎంత అందంగా కనిపిస్తుందంటే, కష్టపడటమే అందమేమోనని భ్రమ కలుగుతుంది. కానీ ఆఖరిదాకా చూడమనండి! ఓర్పే నేర్పే కథయితే సీత అయోధ్యకి వెళ్ళి పట్టపురాణిగా కూర్చోవాలి. కూర్చుందా? కొడుకుల్ని తండ్రికి అప్పగించి, తన తల్లి ఒళ్ళోకి తను వెళ్ళిపోయింది. దీన్ని ఓర్పు అందామా, "ఇక చాలు" అనడం అందామా?

అసలు ఆ కథలో మనల్ని కోసేది రాముడి చెడ్డతనం కాదు, మంచితనం. మాట తప్పనివాడు, ఇంకో పెళ్ళి చేసుకోనివాడు, యాగానికి పక్కన బంగారు సీతని పెట్టుకున్నవాడు. అంతటివాడు నలుగురి కోసమని ఒకర్ని వదులుకున్నాడు. మరి ఆ ఒకరి తరఫున అడిగేదెవరు? గురువులా, మంత్రులా, తమ్ముళ్ళా? పసివాళ్ళు అడిగారు. రాముడి కథని రాముడి ఊళ్ళోనే పాడి వినిపించారు. గుర్రాన్ని కట్టేసి తండ్రికే ఎదురు నిలిచారు. సుశీల, లీల గొంతుల్లో ఆ పాటలు వింటూంటే, మనం ఇంట్లో ఇన్నాళ్ళూ అడగలేనిది ఎవరో మన తరఫున అడుగుతున్నట్టుండదూ?

ఆ రోజు నా పక్కన కూర్చున్న మూలపేట ఆవిడ నాకంటే బాగా చెప్పింది. "రావుడు సెడ్డోడు కాడు తల్లీ! సెడ్డోడయితే రెండు తిట్లు తిట్టీసి ఊరుకుందుం. మంచోడే ఇలాటి పని సేస్తే ఇంకెవులికి సెప్పుకుంటాం?"

ఆవిడ భర్త ఏడాదిలో ఎక్కువ నెలలు గుజరాత్‌లోని వెరావల్ రేవులో, పరాయివాళ్ళ పడవ మీద ఉంటాడు. "పెద్ద గుంటడు పుట్టినప్పుడు ఆళ్ళ బాబు అక్కడే. వచ్చేతలికి ఆడికి పళ్ళొచ్చీసినాయి. బాబుని సూసి జడిసిపోయి నా ఎనక దూరినాడు" అంది. తండ్రీకొడుకులు ఎదురుపడీ పోల్చుకోలేని ఘట్టం ఆవిడకి పురాణం కాదండీ, ఇంట్లో జరిగిన సంగతి. 2020 మార్చి చివర లాక్‌డౌన్‌లో దూరదర్శన్ మళ్ళీ రామాయణం వేసినప్పుడు, మన మత్స్యకారులు వేలమంది వెరావల్‌లో పడవల మీదే చిక్కుకుపోయారు. ఏప్రిల్ ఆఖర్న బస్సుల్లో ఇళ్ళకి బయల్దేరేదాకా ఇక్కడి ఆడవాళ్ళు ఆ టీవీ ముందు ఎవరి కోసం ఏడ్చారో వేరే చెప్పాలా?

2023 ఏప్రిల్‌లో మూలపేట పోర్టుకి శంకుస్థాపన జరిగింది. నలుగురికీ మేలు జరుగుతుందన్నారు. జరగనివ్వండి, నేను కాదనను. కానీ నలుగురి మేలు కోసం ఇల్లు కదలాల్సొచ్చిన ఇల్లాలిని, "నీకేం కావాలమ్మా?" అని ముందుగా అడగడం మర్యాద. ఆ ఒక్క మాటా సీతని అడక్కపోబట్టే కదా ఇన్ని తరాల ఏడుపు!

కాబట్టి అన్నయ్యలూ, బావగార్లూ! వచ్చే నవమికి అరుగు మీంచి హాస్యాలాడకండి. లోపలికొచ్చి చాపమీద కూర్చోండి. మీ ఆవిడ కళ్ళొత్తుకుంటే, "ఏం గుర్తొచ్చింది?" అని నెమ్మదిగా అడగండి. జవాబు మీ గురించే కావచ్చు. అయినా అడగండి.

అన్నట్టు, సీత భూమిలోకి వెళ్ళిపోయే వేళకి మా చిన్నాన్న నవ్వూ ఆగిపోయింది. గుమ్మంలో నిలబడి కండువాతో మొహం తుడుచుకుంటున్నాడు. ఏమిటని పిన్ని అడిగితే, కంట్లో ఇసక పడిందన్నాడు. నిజం చెప్పొద్దూ, ఆ పూట ఆకైనా కదల్లేదు!