ఫ్లూకి బ్యాడ్జి రంగు తెలీదు

అక్టోబర్ వచ్చింది. క్లయింట్ ఆఫీసు నుంచి మళ్లీ అదే మెయిల్. కాన్ఫరెన్స్ రూమ్‌లో ఫ్లూ షాట్లు వేస్తారట, ఉద్యోగులకు మాత్రమే.

మూడేళ్ల కింద ఆ చివరి మాట చూడకుండా వెళ్లి క్యూలో నిలబడ్డా. నర్సు నా బ్యాడ్జి చూసి, "కాంట్రాక్టర్లకు లేదండీ, సారీ" అంది. నా వెనకున్నది నా పక్క సీటాయనే. ఇద్దరం పీల్చేది ఒకే ఏసీ గాలి. ఆయనకు షాట్ ఉంది, నాకు లేదు.

సిగ్గుతో ఆ ఏడాది ఇంకెక్కడా వేయించుకోలేదు. డిసెంబర్‌లో ఫ్లూ పట్టుకుంది, ఆరు రోజులు మంచం దిగలేదు. మనది గంటల లెక్క కదా, పని చేస్తేనే డబ్బు. ప్రైవేటు ఉద్యోగికి జీతంతో సిక్ లీవ్ ఇచ్చి తీరాలని ఇక్కడి ఫెడరల్ చట్టంలో లేదు. ఆ నెల ఇంటికి పంపింది సగమే. రూమ్‌మేట్లు ఇద్దరికీ నేనే అంటించా.

తర్వాత తెలిసింది, ఆ క్యూ లేకపోయినా పని అవుతుందని. సీవీఎస్, వాల్‌గ్రీన్స్, కాస్ట్‌కో ఫార్మసీల్లో వేస్తారు. మనూళ్లో మెడికల్ షాపులో సూది అంటే జంకుతాం గానీ, ఇక్కడ ఫార్మసిస్టులకు దానికి శిక్షణ ఉంటుంది. ఒక ఫారం ఇస్తారు. అలర్జీలున్నాయా, ఇంతకుముందు టీకా పడలేదా, ఇవాళ ఒంట్లో బాగుందా అని అడుగుతారు. చొక్కా చెయ్యి పైకి లాగి, చెయ్యి వదులుగా పెడితే జబ్బ కండలో వేస్తారు. కాసేపు కూర్చుని వచ్చేయడమే. చాలా ఇన్సూరెన్సుల్లో, వాళ్ల నెట్‌వర్క్‌లోని ఫార్మసీకి వెళితే పైసా కట్టక్కర్లేదు.

"సూది వేసుకుంటే ఫ్లూ వస్తుందిరా" అనేవాళ్లకి ఒక మాట. ఆ సూదిమందులో ఫ్లూ తెప్పించగల వైరస్ ఉండదు. చెయ్యి నొప్పి, ఒకరోజు ఒళ్లు వెచ్చబడటం ఉండొచ్చు. షాట్ వేసుకున్నా కొందరికి ఫ్లూ రావచ్చు, కానీ ఆసుపత్రి దాకా వెళ్లే ముప్పు తగ్గుతుంది. రక్షణ రావడానికి రెండు వారాలు పడుతుంది, అందుకే థాంక్స్‌గివింగ్ దాకా ఆగొద్దు.

అమ్మానాన్నలు వచ్చి ఉంటే వాళ్లనీ తీసుకెళ్లండి. 65 దాటినవాళ్లకి హై డోస్ లాంటి బలమైన రకాలు ఉన్నాయి, అడిగి వేయించండి. విజిటర్ ఇన్సూరెన్సులు మామూలుగా టీకాలకు డబ్బివ్వవు. కౌంటీ హెల్త్ డిపార్ట్‌మెంట్‌లో తక్కువకి వేస్తారేమో ముందు ఫోన్ చేసి కనుక్కోండి. తొమ్మిదేళ్లలోపు పిల్లలకు మొదటిసారైతే నాలుగు వారాల తేడాతో రెండు డోసులు.

ఇదంతా తెలిసినా నా కోపం తగ్గలేదు. గ్యాస్ స్టేషన్లో, మోటెల్లో చేసే మనవాళ్లకి ఆ మెయిల్ కూడా రాదు. లీవు లేనివాడు జ్వరంతోనే పనికొస్తాడు, పదిమందికి అంటిస్తాడు. ముందు షాట్ వేయాల్సింది వాడికే. జాలితో కాదు, కంపెనీ లెక్క ప్రకారం చూసినా అదే లాభం.

ఈసారి ఆఫీసు వాళ్లకి ఇదే మాట మెయిల్ పెట్టా. జవాబు రాలేదు. మీరూ పెట్టండి, ఒక్కడు అడిగితే పక్కన పడేస్తారు, పదిమంది అడిగితే చదువుతారు. జవాబు కోసం మాత్రం ఆగకండి. ఈ శనివారం కూరగాయలకి వెళ్లినప్పుడే ఆ పనీ చూసుకుని రండి.