బటన్ ఎవరి చేతిలో ఉంది?

సంగీతం హలాలా, హరామా? ఈ బహస్ మన ఇళ్లలో ప్రతి ఏడూ దస్తర్‌ఖాన్ మీదికి వస్తుంది. రబీఉల్ అవ్వల్ దగ్గర పడితే ఇంకాస్త మసాలా పడుతుంది. ఒకరు ఇమామ్ గజాలీని తెస్తారు, ఇంకొకరు ఆయనతో ఏకీభవించని ఉలేమాను తెస్తారు. నేను ఫత్వా ఇచ్చేవాణ్ణి కాను. సికింద్రాబాద్‌లో ఉర్దూ మీడియం చదివి, తెలుగు డిగ్రీతో అఖ్బార్ నౌకరీలో పడ్డ మామూలు ఆద్మీని. నా షికాయత్ వేరే. గంటల తరబడి బహస్ చేస్తాం గానీ, ఆవాజ్ మనిషి దిల్‌నీ దిమాగ్‌నీ ఏం చేస్తుందో ఒక్కరూ అడగరు.

ఇమామ్ గజాలీ అడిగారు. ఇహ్యా ఉలూమిద్దీన్‌లో సమా గురించి రాస్తూ ఒక ఒంటెల కిస్సా చెబుతారు. ఒక గులాం గొంతు ఎంత తియ్యనిదంటే, అతని పాట వింటూ ఒంటెలు మోయలేని బరువులు మోస్తూ రోజుల దారిని ఒక్క రాత్రిలో నడిచేశాయి. బరువు దించగానే చచ్చిపోయాయి. మనవాళ్లు దీన్ని సంగీతం గొప్పతనానికి మిసాల్‌గా చెబుతారు. నాకు మాత్రం ఆ ఒంటెలే గుర్తుంటాయి. నడుస్తారా అని వాటిని ఎవరూ అడగలేదు కదా.

ఇప్పుడు మన షాదీఖానాకు రండి. కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీ వాళ్లు ఒక సంగీత కచేరీలో చేసిన ప్రయోగం 2022లో అచ్చయింది. చెవికి వినపడనంత లోతైన ధ్వనిని మధ్యమధ్య ఆన్ చేశారు, ఆపారు. ఆన్‌లో ఉన్నంతసేపూ జనం దాదాపు 12 శాతం ఎక్కువగా కదిలారు. ఆ ఆవాజ్ ఉందని వాళ్లకు తెలియనే తెలియదు. డీజే లారీ మీద పెట్టెలు పెట్టెలుగా పేర్చే బేస్ స్పీకర్ల పని కూడా ఇదే జాతిది. వద్దా కావాలా అని దిమాగ్ తేల్చుకునేలోపే జిస్మ్ ఊగిపోతుంది. నాచేవాడికి అది మజా. కానీ గోడకు ఆనుకున్న ఇంట్లో బుఖార్‌తో పడుకున్నవాడి ఛాతీలో కూడా అదే దడ.

ఇక్కడే అసలు ముద్దా ఉంది. 1960ల చివర అమెరికాలో డేవిడ్ గ్లాస్, జెరోమ్ సింగర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు మనుషులకు చికాకు పుట్టించే షోర్ వినిపించారు. కొందరికి ఒక బటన్ ఇచ్చి, భరించలేకపోతే నొక్కండి, ఆగిపోతుంది అన్నారు. వాళ్లలో చాలామంది నొక్కనే లేదు. అయినా ఆ తర్వాత ఇచ్చిన కష్టమైన పనుల్లో, బటన్ లేనివాళ్ల కంటే ఎక్కువసేపు సబర్‌తో నిలబడ్డారు. ఇద్దరూ విన్న షోర్ ఒక్కటే. తేడా ఇఖ్తియార్‌లో ఉంది. ఇష్టపడి పెట్టుకున్న పాట మనకు సుకూన్ ఇచ్చి, అదే పాట పక్కింటి నుంచి వస్తే నెత్తి పగిలేది ఎందుకో ఇప్పుడు అర్థమైందా?

చిలకలగూడ, బోలక్‌పూర్ గల్లీల్లో ఇళ్ల మధ్య జానెడు జాగా ఉండదు. కానూన్ ఏమంటుంది? 2000 నాటి ధ్వని కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. పది పెరిగితే ధ్వని శక్తి పది రెట్లవుతుంది. ఆ లెక్కన నూరు డెసిబెల్స్ అంటే పగటి హద్దుకు ముప్పై వేల రెట్లకు పైనే. ఇమ్తిహాన్ రాయాల్సిన పిల్లవాడికి, నెలల పసికందుకు, దిల్ ఆపరేషన్ అయిన పెద్దాయనకు ఏ బటన్ ఇచ్చాం మనం?

"ఇది మ్యూజిక్ కాదు భాయ్, నాత్" అంటారు. బహుత్ ఖూబ్. పేరు మారితే కంపనం మారుతుందా? నాత్‌ను డీజే బేస్‌లో ముంచి సడక్ మీద మోగిస్తే, లఫ్జ్ ఎవరికీ వినపడదు, దడ మాత్రమే వినపడుతుంది. ఇంతకన్నా బేఅదబీ ఉందా? సూరా లుఖ్మాన్‌లో గొంతు తగ్గించుకోమన్న నసీహత్ ఉన్నది మన కితాబ్‌లోనే. పడోసి హఖ్ గురించి జుమ్మా ఖుత్బాలో విని, సాయంత్రం అదే పడోసి కిటికీ అద్దాలు వణికిస్తాం.

"వాళ్లు పెట్టినప్పుడు ఏం మాట్లాడవే?" ఇది రెండో జవాబు. మాట్లాడతాను. ఏ జులూస్ అయినా అదే షోర్. 2024లో గణేశ్ నిమజ్జనం, మిలాద్ ఒక్క వారంలోనే వస్తే, మన పెద్దలే మిలాద్ జులూస్‌ను సెప్టెంబర్ 19కి జరిపారు. అందులో తహజీబ్ ఉంది. అదే ఏడాది అక్టోబర్ 1న హైదరాబాద్ పోలీసులు అన్ని మతాల జులూస్‌లలోనూ డీజేలను బంద్ చేశారు. మన మస్లక్‌ల పెద్దలు ఏళ్లుగా చెబుతున్నదే లాఠీ పట్టుకున్నవాడు చెప్పాక విన్నాం. నాకు దీని మీద సంతోషం కన్నా షర్మ్ ఎక్కువ. పైగా ఆ హుకుం జులూస్‌లకే. షాదీ బరాత్ సంగతి ఎవరు చూడాలి?

నేను సంగీతానికి దుష్మన్‌ని కాను. 1488లో ఎదిర్నేలో సుల్తాన్ బాయజీద్ కట్టించిన దారుష్షిఫాలో మరీజ్‌లకు సంగీతం వినిపించేవారని ఎవ్లియా చెలెబీ రాశాడు. మన దగ్గర ఢోలక్ కే గీత్ లేవా? మాంఝా రాత్రి ఆపాలు, ఖాలాలు, నానీలు చుట్టూ కూర్చుని, ఒకరు ఢోలక్ వాయిస్తే ఇంకొకరు చెంచాతో దాని చెక్క మీద టకటక తాళం వేస్తూ, సమ్‌ధన్‌ను ఆటపట్టిస్తూ పాడేవారు. గొంతు సరిగా లేనివాళ్లు కూడా కలిసేవారు. నవ్వులకు పాట ఆగేది, మళ్లీ మొదలయ్యేది. దుల్హన్ ఏడుస్తుంటే మెల్లగా పాడేవారు. పసిపాప నిద్రపోతుంటే ఢోలక్ మీద చెయ్యి అదే తేలికయ్యేది. ఎందుకంటే వాయించే మనిషి పాప ముఖం చూస్తోంది. డీజే కుర్రాడు ఎవరి ముఖం చూస్తాడు?

ఆ గీతాలు వచ్చిన ముసలమ్మలు మన ఖాందాన్‌లలో ఇంకా ఒకరిద్దరున్నారు. ఈ సీజన్‌లో షాదీ పెట్టుకున్నవాళ్లు డీజేకు బయానా ఇచ్చే ముందు వాళ్ల దగ్గరికి వెళ్లండి. ఢోలక్ దొరక్కపోతే స్టీలు బిందె చాలు.