ఎవరి దగ్గరికి పంపుతున్నాం?

ముస్తాబాద్‌లో బీడీలు చుట్టే స్త్రీ ఒకామె నిద్ర పట్టడం లేదనీ, బతకాలని లేదనీ చెబితే మనం హైదరాబాద్ వెళ్లమంటాం. ఎవరి దగ్గరికి? నగరంలో సైకాలజిస్టు, కౌన్సెలర్ అన్న బోర్డులకు కొదవ లేదు.

1992 నాటి చట్టం ప్రకారం క్లినికల్ సైకాలజిస్టు భారత పునరావాస మండలిలో నమోదై ఉండాలి. నమోదు లేకుండా పనిచేస్తే ఏడాది దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా. (వెయ్యికి ఎవరు భయపడతారన్నది వేరే సంగతి.) నమోదు సంఖ్య అడగడం అమర్యాదేమీ కాదు. మందులు రాయడం మాత్రం డాక్టరు చదువు చదివిన సైకియాట్రిస్టు పని.

అసలు ఆమె కూలి పోగొట్టుకుని, ఇంట్లో ఏదో సాకు చెప్పి అంతదూరం ఎందుకు పోవాలి? 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ వైద్యాన్ని హక్కుగా గుర్తించింది. జిల్లాలో కనీస ప్రభుత్వ సేవలు లేకపోతే, అదే జిల్లాలో మరోచోట చేయించుకున్న వైద్యం ఖర్చు ప్రభుత్వమే భరించాలంది. నేత కార్మికుల ఆత్మహత్యలు చూసిన సిరిసిల్లలో ఈ నిబంధన పట్టుకుని కలెక్టరేట్‌కు వెళ్లినవాళ్లం ఎంతమందిమి? 'ఎర్రగడ్డ కేసు' అన్న ఎగతాళికి జడిసి ఆడవాళ్లు నోరు విప్పరు. గోప్యత కూడా హక్కేనని 23వ సెక్షన్ చెబుతోంది.

మరొకటి. దెబ్బలు తిని వచ్చిన స్త్రీని సర్దుకుపొమ్మనే కౌన్సెలింగ్, ఎంత డిగ్రీ ఉన్నా, వైద్యం కాదు. అది ఏ రిజిస్టరులోనూ కనపడదు. వెళ్లొచ్చిన వాళ్లను అడిగి మన సంఘాలే రాసిపెట్టుకోవాలి. ఈలోగా 2022లో మొదలైన టెలిమానస్ ఉంది. ఫోను ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. 14416 నంబరును బీడీ కార్ఖానా గోడమీద, సంఘం పుస్తకం అట్టమీద రాయండి.