శాతంలో కనిపించని పిల్లలు

పదో తరగతి ఫలితాలు వచ్చాయంటే చాలు, హిందూపురం టీకొట్ల దగ్గర లెక్కలు మొదలవుతాయి. మనూరి హైస్కూలు ఎంత శాతం? పెనుకొండ ఎంత? ధర్మవరం మనల్ని మించిందా? జూన్‌లో పిల్లల్ని ఎక్కడ చేర్చాలన్నదీ చాలా ఇళ్లలో ఆ అంకెను బట్టే తేలిపోతుంది.

ఆ అంకె అబద్ధం కాదు. అలాగని నిజమంతా చెప్పదు.

ఇరవై మంది పరీక్ష రాసిన బడిలో ఒక్కరు తప్పితే 95 శాతం. రెండొందల మంది రాసిన బడిలో పదిమంది తప్పినా అదే 95. చిన్న బడిలో మరుసటేడు ముగ్గురు తప్పితే ఒక్కసారిగా 85కి పడిపోతుంది. అంతమాత్రాన అక్కడి మాస్టార్లు ఏడాదిలో పాఠాలు మర్చిపోయారనుకోవాలా?

పిల్లల ఇళ్లూ ఒకేలా ఉండవు. ధర్మవరంలో ఎన్నో కుటుంబాలకు పట్టుమగ్గమే ఆధారం. పని ఒత్తిడి పెరిగితే చేతిసాయానికి పెద్దపిల్లాడే గుర్తొస్తాడు. కర్ణాటక సరిహద్దున ఉన్న హిందూపురంలో తెలుగు, కన్నడ, ఉర్దూ మూడూ వినిపిస్తాయి. ఇంట్లో ఒక భాష మాట్లాడి, పరీక్ష మరో భాషలో రాసే పిల్లలున్నారు. పెనుకొండ పక్కన 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. అయినా ఈ సీమలో వానల్లేని ఏడు బెంగళూరు బస్సెక్కే కుటుంబాలు ఇంకా ఉన్నాయి.

అయితే కరవును ఎల్లకాలం సాకుగా చెప్పడానికీ వీల్లేదు. 2022 ఫలితాలను పాత జిల్లాల వారీగా ప్రకటించినప్పుడు రాష్ట్రం మొత్తమ్మీద 67.26 శాతం మంది పాసయ్యారు. ఈ మూడు ఊళ్లూ ఉన్న ఉమ్మడి అనంతపురం జిల్లా 49.7 శాతంతో ఆఖరున మిగిలింది. కరోనాతో అంతకుముందు రెండేళ్లు పరీక్షలే జరగలేదు నిజమే. ఆ దెబ్బ అన్ని జిల్లాలకూ తగిలింది కదా! గిరిజన పల్లెలు ఎక్కువగా ఉన్న పార్వతీపురం మన్యం జిల్లా 2023, 2024, 2025లో వరసగా మొదటి స్థానంలో నిలిచింది. పేదలుండే చోట చదువు రాదనేవాళ్లకు అదే జవాబు.

అందుకే బడిని ఎంచుకునే తల్లిదండ్రులు శాతంతో పాటు మరో మూడు సంగతులు అడగాలి. ఒక్క ఏడాది కాదు, మూడేళ్ల ఫలితాలెలా ఉన్నాయి? లెక్కలకు, సైన్సుకు మాస్టార్లు ఏడాది పొడవునా ఉన్నారా? తొమ్మిదిలో ఉన్నవాళ్లలో ఎంతమంది పదో తరగతి పరీక్ష రాశారు?

మూడో ప్రశ్నే అన్నిటికన్నా ముఖ్యం. ఫస్టు వచ్చిన పిల్లాడి ఫొటో ఫ్లెక్సీ మీదకెక్కుతుంది. తప్పినవాళ్లకు సప్లిమెంటరీ ఉంటుంది. తొమ్మిదితోనే చదువాపి మగ్గం దగ్గరో, పెళ్లిపీటల మీదో కూర్చున్న అమ్మాయి మాత్రం పాసైనవాళ్లలోనూ ఉండదు, తప్పినవాళ్లలోనూ ఉండదు. పక్కూరి బడితో పోటీకి దిగేముందు మన బడి హాజరుపట్టీలో ఆ పిల్ల పేరు ఎక్కడ ఆగిపోయిందో చూడాలి.