దారి పాఠం: మా ప్రణాళిక

మేం ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో రోడ్లు, వంతెనలు, రైలు పట్టాలు, బస్సుల పని చేసేవాళ్లం. మాలో ఇంజినీర్లున్నారు, డిపో మెకానిక్‌లున్నారు, ఏళ్ల తరబడి స్టీరింగ్ పట్టిన డ్రైవర్లున్నారు. సర్కారు బడుల సైన్స్ టీచర్లతో కూర్చుని ఈ మాట రాసుకున్నాం.

2018 సెప్టెంబర్ 11న కొండగట్టు ఘాట్ రోడ్డులో బస్సు లోయలో పడి 60 మందికి పైగా ప్రాణాలు పోయాయి. ఆ రోజును మేం మరచిపోలేం. ఎనిమిదో తరగతి ఘర్షణ పాఠం, తొమ్మిదో తరగతి గమన నియమాలు ఘాట్ మలుపు దగ్గర చావుబతుకుల సంగతులు. వేగం రెండింతలైతే బ్రేకు వేశాక బండి ఆగే దూరం నాలుగింతలవుతుంది. దిగుడులో బ్రేకునే నమ్ముకుంటే అది వేడెక్కి పట్టు వదులుతుంది, అందుకే తక్కువ గేరులో దిగాలి. బస్సులో నిలబడేవాళ్లు పెరిగేకొద్దీ గురుత్వ కేంద్రం పైకి జరిగి, మలుపులో బస్సు ఒరిగే ప్రమాదం పెరుగుతుంది. ఈ మూడు ముక్కలు తెలియకుండా ఏ పిల్లా పదో తరగతి దాటకూడదు.

క్లాసు టీచరుదే. మేం ఉపన్యాసాలివ్వం, బహుమతులిచ్చి ఫొటోలు దిగం. ఏ పాఠం నడుస్తోందో ముందే అడిగి, అరిగిన బ్రేకు లైనింగో, పాత బేరింగో తెచ్చి పిల్లల చేతుల్లో పెడతాం. కరీంనగర్‌లో మానేరు మీద 2023లో తెరిచిన తీగల వంతెనను అట్టముక్క, రెండు కర్రలు, దారంతో బల్ల మీద నిలబెట్టొచ్చు. ఒక దారం కత్తిరిస్తే బరువు ఎటు పోతుందో పిల్లలే చెబుతారు.

ఆదిలాబాద్ గూడేల్లో పాఠం ఎడ్లబండి దగ్గర మొదలుకావాలి. కమ్మరి ఇనుప పట్టాను పిడకల మంటలో ఎర్రగా కాల్చి, కట్టె చక్రానికి తొడిగి, నీళ్లు గుమ్మరిస్తాడు. చుయ్యిమని ఆవిరి లేస్తుంది. పట్టా ముడుచుకుని చక్రాన్ని బిగపడుతుంది. వంతెన పలకల మధ్య సందు వదిలేదీ ఇనుము, కాంక్రీటు ఎండకు సాగుతాయనే. ఆ కమ్మరినీ బడికి పిలుస్తాం, మా పక్కనే కుర్చీ వేస్తాం. గోండి, కొలామీ మాట్లాడే పిల్లలకు వాళ్ల మాటలోనే చెప్పించే ఏర్పాటు చేస్తాం.

వానకాలం వాగు పొంగితే అంబులెన్స్ ఒడ్డునే ఆగిపోయే ఊళ్లు ఇక్కడ ఇంకా ఉన్నాయి. రేపు అక్కడ కల్వర్టు ఎత్తు లెక్కకట్టే ఇంజినీరు ఆ ఊరి బిడ్డే అయితే, వాగు ఎంత ఎత్తున పారుతుందో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

రామగుండం బొగ్గు రైళ్లు నడిపే అన్నలారా, కాజీపేట–బల్లార్షా లైను చూసే ట్రాక్‌మెన్‌లారా, నెలకు ఒక్క పూట ఇవ్వండి. టీచర్లూ, వచ్చే వారం చెప్పబోయే పాఠం పేరు చెప్పండి. సామాను మేం తెస్తాం.