ఆరడం వేరు, ఆరబెట్టడం వేరు



తెలుగు పండితుడు చక్రాలను గురించి టపా వ్రాయడమేమిటని నవ్వకండి. నేను తరగతిలో ఏళ్ల తరబడి చెప్పిన వ్యాకరణ పాఠం ఒకటి ట్రాక్టరు చక్రం దగ్గర మాత్రమే నాకు పూర్తిగా బోధపడింది. ‘ఆరు’ అకర్మక క్రియ. తడి దానంతట అదే ఆరుతుంది. ‘ఆరబెట్టు’ సకర్మకం, దానికి కర్త కావాలి, అనగా ఒక మనిషి పూనుకోవాలి.

మాది కంబదూరు. ఎర్ర నేల, వేరుసెనగ పైరు. జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. నంది కొండలలో పుట్టిన పెన్న మా ప్రాంతం మీదుగానే పోతున్నా, ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకగానే దర్శనమిస్తుంది. ఇటువంటి చోట ఆయుధపూజ నాడు మా తమ్ముని కుమారుడు బోరు నీటి గొట్టం పట్టుకొని ట్రాక్టరును, ట్రాలీని గంటసేపు కడుగుతాడు. కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, దండ వేసి వదిలేస్తాడు.

“కడిగావు సరే, చక్రాలు తుడవవా నాయనా?” అంటే, “మన ఎండకు బండే కాదు పెదనాయనా, మనిషే ఆరిపోతాడు” అన్నాడు.

మాట చమత్కారంగానే ఉంది కానీ నిజం కాదు. ఎండ పైపైన ఆరుస్తుంది. రిమ్ము లోపలి అంచున, టైరు రిమ్మును కరచుకొన్న సందులో, నట్ల వెనుక, అంటుకొన్న మట్టి క్రింద ఎండ చేరదు. ఇనుము త్రుప్పు పట్టడానికి నీరు, గాలి రెండూ ఉండాలి. ఆ సందులలో రెండూ ఉంటాయి. లవణాలు తోడైతే పని మరింత వేగంగా జరుగుతుంది. మా బోరు నీళ్లు ఆరిన చోట తెల్లని చార మిగలడం అందరమూ చూస్తున్నదే. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. గుడ్డతో తుడిస్తే నీటితోపాటు ఉప్పు కూడా చాలావరకు పోతుంది. ఎండ చేయలేని పని అదే.

ఇది పుస్తక జ్ఞానం కాదు. కొన్నేళ్ల క్రిందట కాయల బస్తాలతో కళ్యాణదుర్గం పోతూండగా సాయంత్రం వేళ ట్రాలీ టైరు పంక్చరయింది. మారు చక్రం ఉంది, జాకీ ఉంది. నట్లలో రెండు మాత్రం త్రుప్పు పట్టి కదలలేదు. మెకానిక్కును పిలుచుకొని వచ్చేసరికి రాత్రి తొమ్మిది దాటింది. ఈలోగా ఏడాదంతా ఎదురుచూసినా రాని వాన ఆ రాత్రే వచ్చింది. తడిసిన కాయకు బూజు పట్టింది, ధర పడిపోయింది. చక్రం ఆరబెట్టని పాపానికి వారం రోజులు కాయలు ఆరబెట్టుకొన్నాము.

అయితే మా వాడిది పూర్తిగా తప్పనలేను. వాడి తాతది కొయ్య చక్రం. వేసవిలో కొయ్య ఎండి కుంచించుకుపోతే ఆకులు వదులై, ఇనుప పట్టా కదిలేది. అప్పుడు చక్రాన్ని నీటిలో నానబెట్టేవారు; కొయ్య ఉబ్బి బిగిసేది. ఆ చక్రానికి తడి ఔషధం. ఈ ఇనుప చక్రానికి తడి రోగం. బండి మారింది, అలవాటు మారలేదు.

కనుక నా అభిప్రాయం ఇది. మొదట మట్టిని పొడిగా ఉన్నప్పుడే పుల్లతో, బ్రష్షుతో రాల్చాలి. ఆపై రెండు బక్కెట్ల నీరు చాలు. ఎరువు తోలిన ట్రాలీని మాత్రం తప్పక కడగాలి, ఎరువు కూడా ఇనుమును తింటుంది. తరువాత పాత పంచె గుడ్డతో రిమ్మును, నట్లను, లోపలి అంచును తుడవాలి. రంగు లేచిన చోట గీకి మళ్లీ రంగు వేయాలి. నూనె రబ్బరుకు తగలనీయకూడదు. జీపు, మోటారు సైకిలు వంటి వాటికి డ్రమ్ము బ్రేకులుంటే తడిసినప్పుడు పట్టు తగ్గుతుంది. కడిగిన వెంటనే రోడ్డెక్కక, మెల్లగా నడుపుతూ నాలుగైదు సార్లు బ్రేకును సున్నితంగా నొక్కి ఆరనివ్వాలి.

ఎంత నీరు పోయాలన్నదానికి నాదొక కొలత ఉంది: గుడ్డతో తుడిచి ఎత్తగలిగినంత. తుడవవలసిన వాడు గొట్టం పట్టుకోడు, బక్కెట్టు పట్టుకొంటాడు. బిందెలతో వరుసలో నిలిచిన ఆడవాళ్లను చిన్ననాటి నుండి చూసిన ఊరిలో ఈ లెక్కకు ఇనుము కంటే ఎక్కువ విలువ ఉంది.

వచ్చే ఆయుధపూజకు మా వాడికి దండతో పాటు రెండు తుడుపుగుడ్డలు ఇవ్వదలచాను. పూజ చేసేది వాడే కనుక, ఆ వాక్యానికి కర్త కూడా వాడే కావాలి. మీ ఊళ్లలో బండ్లు కడిగే పద్ధతి ఏమిటో వ్యాఖ్యలలో తెలుపగలరు.