వీధిలోనే తొలి సభ

హైదరాబాదు హబ్సిగూడ ఎనిమిదో నంబరు వీధిలో సాయంత్రం పూట నడుస్తుంటే, బళ్ల హారన్ల మధ్య ఏ మేడ మీంచో వీణ మీద సరళీస్వరాలు వినిపిస్తాయి. వాయిస్తున్న పిల్ల మొదటి కచేరీ ఎక్కడ జరగాలి? ఆ వీధిలోనే జరగాలని మా అభిప్రాయం.

వీణ గొంతు చిన్నది. పనస కర్ర కుండలో పుట్టిన నాదం నాలుగు వరుసలు దాటేసరికి పలచబడుతుంది. తీగను పక్కకు లాగి ఒకే మెట్టు మీద రెండు మూడు స్వరాలు పలికించే గమకం ఉందే, అది మైకులో సగం ఇంకిపోతుంది. దగ్గర కూర్చుని, ఎడమచేతి వేళ్లను చూస్తూ వింటేనే దాని రుచి. వెయ్యిమంది పట్టే ఆడిటోరియం కంటే ముప్ఫైమంది చేరిన హాలే వీణకు తగిన చోటు.

ఇలా దగ్గర కూర్చుని వినడం కొత్తేమీ కాదు. అమరావతి శిల్పాల్లో విల్లులా వంగిన వీణను పట్టుకున్న స్త్రీలు కనిపిస్తారు. పడమటివాళ్లు హార్ప్ అనేది ఆ జాతి వాద్యాన్నే. మన నేల మీద అది ఏనాడో మూగబోయింది. దాని చుట్టం బర్మాలో నేటికీ పలుకుతోంది. ఆ ఫలకాల్లో వాయించేవాళ్లూ చుట్టూ ఉన్నవాళ్లూ భుజాలు రాసుకునేంత దగ్గరగా ఉంటారు.

చిన్నప్పుడే వేదికెక్కినవాళ్లను చూడండి. 1936లో కాకినాడలో పుట్టిన వైణికుడు చిట్టిబాబు, అయిదేళ్లప్పుడు తండ్రి రంగారావుగారి వాయింపులో పొరపాటు పట్టి సరిదిద్దారని చెప్పుకుంటారు. పన్నెండేళ్లకే కచేరీ చేశారు. వీణ గాయత్రి సినీ సంగీత దర్శకుడు అశ్వత్థామ గారి అమ్మాయి. 1968లో, తొమ్మిదేళ్ల వయసులో వేదికెక్కారు. 2013లో తమిళనాడు సంగీత, లలితకళల విశ్వవిద్యాలయానికి తొలి వైస్ ఛాన్సలర్ అయ్యారు. ఇద్దరికీ ఇంట్లోనే వీణ ఉంది, వినే చెవి ఉంది. ఆ రెండో భాగ్యం లేని పిల్లలే మనకిప్పుడు ఎక్కువ. పదో తరగతి రాగానే వీణకు గవిసెన తొడిగి మంచం పక్కన నిలబెట్టేస్తారు. ఎవరూ అడగని విద్యను ఏ తల్లి మాత్రం ఎన్నాళ్లు పట్టుబట్టి నేర్పిస్తుంది?

హబ్సిగూడ, తార్నాక కాలనీ సంఘాలకు మా విన్నపం ఒక్కటే. ఈ దసరాకు ఒక సాయంత్రం ఆ పిల్లకివ్వండి. బహుమతుల పంపకానికి ముందు దొరికే పది నిమిషాలు కాదు, నిండు గంట. పెద్ద స్పీకర్లు వద్దు, జంపఖానా పరిస్తే చాలు. రాగం అందుకున్నాక మధ్యలో ఫొటోల కోసం ఆపకండి. వీణ నాలుగడుగుల పైచిలుకు పొడవు, మేడ మెట్ల మలుపుల్లో తిప్పి దించడం ఆ పిల్ల ఒక్కదానివల్ల కాదు. ఇద్దరు వెళ్లి సాయం పట్టండి.